ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా

మా ఫైనలియర్ ట్రిప్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక లిస్టు తిరిగింది. ఆరుగురం థాయ్‌లాండ్ పోవాలని ప్లాను. లిస్టు పైన 'సేఫ్టీ' అని పెద్దక్షరాలు, కింద పద్నాలుగు పాయింట్లు. పాస్‌పోర్ట్ జిరాక్సు రెండు సెట్లు. డబ్బులు ఒకే చోట పెట్టకూడదు. తెలియనివాళ్లు ఇచ్చిన బ్యాగు మోయకూడదు. బైకు అద్దెకు తీసుకుంటే ముందే వీడియో తీయాలి. బీచిలో ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగకూడదు. రాసినవాడు మా క్లాసులో అసైన్‌మెంట్లు కూడా ఇంత శ్రద్ధగా రాయడు. అన్నీ మంచి మాటలే, ఒక్కటీ తీసేయాల్సింది లేదు.

ఆ లిస్టు కింద ఇంకో మెసేజి వచ్చింది. "రిటర్న్ ఫ్లైట్ రాత్రి పన్నెండున్నరకు బెంగళూరులో దిగుతుంది. కారు యలహంకలో మా మామ ఇంటి దగ్గర పెడతా. రెండుకు స్టార్ట్ అయితే తెల్లారేలోపు గుంతకల్లు. నేనే డ్రైవింగ్. క్యాబ్ ఖర్చు జీరో." దానికి ఐదు చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఆరోది నాది, నేను పెట్టలేదు. "నేను ఆ రాత్రి కారెక్కను" అని రాసినాను. అప్పటి నుంచి గ్రూపులో నా పేరు 'అవ్వ'.

ఎందుకు ఎక్కనన్నానో గ్రూపులో నాలుగు లైన్లలో చెప్పలేకపోయినా. అందుకే ఇక్కడ రాస్తున్నా. మన కాలేజీలో ప్రతి బ్యాచీ ఏదో ఒక దేశం ప్లాను వేస్తోంది కాబట్టి ఇది ఆరుగురి గొడవ మాత్రమే కాదనుకుంటున్నా.

మాది విడపనకల్లు. అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా బళ్లారి పోయేవాళ్లకు మా ఊరు తెలుసు. మిగతావాళ్లకు చెప్పాలంటే, ఒకవైపు హెచ్చెల్సీ కాలువ నీళ్లు వస్తే మిరప, రాకపోతే వాన కోసం ఆకాశం కేసి చూసే నల్లరేగడి, ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక. బళ్లారి మాకు జిల్లా కేంద్రం కన్నా దగ్గర. ఆస్పత్రికీ బట్టలకీ సినిమాకీ అక్కడికే పోతాం.

2024 డిసెంబర్ 1, ఆదివారం. హాస్టల్లో ఇంకా నిద్ర లేవలేదు. నాయన ఫోన్ చేసి, "మన ఊరి దగ్గర తెల్లారుజామున కారు చెట్టుకు గుద్దుకునిందంటప్పా. బళ్లారోళ్లంట. ఫారిన్ పోయొస్తాండారంట" అన్నాడు. ఆ తర్వాత టీవీలో, పేపర్లలో వచ్చింది. విదేశ విహారయాత్ర ముగించుకొని, బెంగళూరు ఎయిర్‌పోర్టులో దిగి, కారులో బళ్లారికి పోతున్నవాళ్లు. ముగ్గురు చనిపోయారు. వాళ్లలో డాక్టర్లు ఉన్నారు. మా ఊరి నుంచి బళ్లారికి ఇంక గంట ప్రయాణం కూడా లేదు.

ఆ కారు గురించి, అందులో ఉన్నవాళ్ల గురించి తీర్పు చెప్పడానికి నేను ఎవర్నీ కాను. నేను మాట్లాడుతున్నది ఆ దారి గురించి, ఆ టైము గురించి. వేరే దేశంలో, తెలియని భాష మధ్య, తెలియని రోడ్ల మీద తిరిగి క్షేమంగా వచ్చినవాళ్లు, సొంత మంచం కనుచూపు మేరలో ఉండగా పోయారు. నాకు అది మింగుడు పడలేదు. 'ఫారిన్ పోయేటప్పుడు జాగ్రత్త' అని అందరం అంటాం. ఫారిన్ నుంచి వచ్చేటప్పుడు జాగ్రత్త అని ఎవరూ అనరు. ఇమిగ్రేషన్ కౌంటర్లో స్టాంపు పడంగానే ట్రిప్ అయిపోయిందనుకుంటాం.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య అంటారు. మన జాగ్రత్త అచ్చం ఆ మల్లయ్యే. సముద్రం దాటేదాకా నెత్తిన పెట్టుకుంటాం, దాటినాక గట్టు మీద వదిలేస్తాం.

అసలు మనం దేనికి భయపడతాం, మన ప్రాణాలు ఎక్కడ పోతాయి అన్నది ఒకసారి చూడండి. 2025 సెప్టెంబర్లో నేపాల్‌లో అల్లర్లు జరిగినప్పుడు, కాఠ్‌మాండూ ఎయిర్‌పోర్టు మూసేసినప్పుడు మన తెలుగువాళ్లు చాలామంది అక్కడ ఇరుక్కుపోయారు. మంత్రి లోకేశ్ అనంతపురం సభకు రావడం కూడా మానుకొని అమరావతిలో ఆర్టీజీఎస్ కేంద్రంలో కూర్చున్నారు. ప్రత్యేక విమానం పెట్టి విశాఖకు, తిరుపతికి తెచ్చారు. మంచి పని. మంటలు కనిపిస్తాయి కాబట్టి టీవీలు చూపిస్తాయి, ప్రభుత్వం కదులుతుంది, ఇంట్లోవాళ్లు నిద్రపోరు.

కానీ మనవాళ్లను ఎక్కువగా మింగుతున్నవి మంటలు కావు. నీళ్లు, రోడ్లు. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడిచి, మంచు విరిగి ముగ్గురు పోయారు. అందులో మన గుంటూరు వైపు దంపతులు ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో ఒక జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు, అదే ఏడాది జులైలో ఆస్ట్రేలియాలోని మిల్లామిల్లా జలపాతం దగ్గర ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు. అంతకుముందు 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది. ఇక రోడ్డు. 2025 నవంబర్లో మక్కా నుంచి మదీనా పోతున్న బస్సు రాత్రిపూట ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని 45 మంది, దాదాపు అందరూ హైదరాబాద్ వాళ్లు. దానికి నెల కూడా ముందు కాదు, అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడింది. అది చదివిన రోజు మన హాస్టల్లో ఎవరూ సరిగా తినలేదు, గుర్తుందా?

దేశం మొత్తం చూసినా 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే మనం వందలో తొంభై జాగ్రత్తలు పర్సు కోసం తీసుకుంటున్నాం. ప్రాణం పోయే చోట మాత్రం 'నేనే డ్రైవింగ్, తెల్లారేలోపు గుంతకల్లు' అంటున్నాం.

ఇప్పుడు మా మిత్రుడి ప్లానునే లెక్క వేద్దాం. ఇంజినీరింగ్ చదువుతున్నాం కదా, ఇంత మాత్రం వేయాలి. ఆఖరి రోజు బ్యాంకాక్‌లో పొద్దున ఏడుకు లేస్తాం. షాపింగ్ మిగిలి ఉంటుంది కాబట్టి అంతకన్నా లేటుగా ఎవరూ లేవరు. మన గడియారంలో అది ఐదున్నర. పగలంతా తిరుగుడు. సాయంత్రం ఎయిర్‌పోర్టు, లైన్లు, విమానంలో మూడున్నర నాలుగు గంటలు. అందులో నిద్రపోతామా? ఫొటోలు చూసుకుంటాం. పన్నెండున్నరకు దిగి, లగేజీ తీసుకొని, యలహంక పోయి, కారు స్టార్ట్ చేసేసరికి రెండు. అంటే స్టీరింగ్ పట్టుకున్న నిమిషానికే ఇరవై గంటలకు పైగా మేలుకొని ఉన్నాడు. గుంతకల్లు చేరేసరికి ఇరవై నాలుగు గంటలు దాటుతుంది.

ఇరవై నాలుగు గంటలంటే ఏమిటి? 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 'నేచర్' పత్రికలో ఒక చిన్న పేపర్ రాశారు. కొంతమందిని నిద్ర పోనీయకుండా ఉంచి, అదే మనుషులకు ఇంకోరోజు మందు తాగించి, చేతికీ కంటికీ పొత్తు ఎంత కుదురుతోందో కొలిచారు. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానం. 24 గంటలైతే 0.10 శాతంతో సమానం. మన మోటారు వాహనాల చట్టంలో తాగి నడపడానికి పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. మా మిత్రుడు చుక్క ముట్టడు, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి రెండు గంటలకు వాడు తాగినవాడితో సమానం. తెల్లారుజామున చట్టం హద్దుకు మూడింతలు తాగినవాడితో సమానం. తేడా ఒక్కటే, వీడిని ఊదమంటే మిషన్ పట్టుకోదు.

దానికి తోడు మన ఒంట్లో గడియారం ఒకటి ఉంది. రాత్రి రెండు నుంచి తెల్లారి ఆరు వరకు అది మనల్ని కిందికి లాగే టైము. ఎంత బలమైనోడైనా అప్పుడు రెప్పలు దానంతటవే వాలతాయి. పాటలు పెట్టినా, కిటికీ దించినా, మొహం మీద నీళ్లు చల్లుకున్నా అది ఐదు పది నిమిషాలకే. మూడు నాలుగు సెకన్ల కునుకు చాలు. కునుకు పట్టిందని పట్టినవాడికే తెలియదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే 111 మీటర్లు. అంత దూరం కారును ఎవరూ నడపడం లేదు. మా ఊరి రోడ్డులో 111 మీటర్లలో ఎన్ని చెట్లుంటాయో నేను లెక్కపెట్టి చెప్పగలను.

చెట్లను కొట్టేయమనడం నా వాదన కాదు. మా కరువు సీమలో ఒక చెట్టు నీడ ఎంత అపురూపమో ఏప్రిల్‌లో బస్సు కోసం నిలబడి చూడండి. చెట్టుకు రిఫ్లెక్టర్ కొట్టొచ్చు. మలుపు దగ్గర ఇనుప రెయిలింగ్ పెట్టొచ్చు. రోడ్డు అంచున గరగరమనే గీతలు వేయొచ్చు. ఇవి మన సివిల్ బ్రాంచి వాళ్ల పని, రేపు వాళ్లే ఆ సీట్లలో కూర్చుంటారు కాబట్టి ఇప్పుడే చెప్పి పెడుతున్నా.

ఆ గరగరమనే గీతల విలువ నాకు ఊరికే తెలియలేదు. ఇప్పటిదాకా ఇంట్లో చెప్పని సంగతి ఒకటి ఉంది. ఏడాదిన్నర కిందట మా చిన్నాయన కొడుకు ఎమ్మెస్‌కు పోతుంటే సెండాఫ్‌కు బెంగళూరు పోయినాం. ఆగస్టు నెల. కాలువకు నీళ్లొచ్చిన కొత్త. చిన్నాయన ఆ పొద్దు ఐదుకే లేచి మిరప చేనికి నీళ్లు కట్టి, స్నానం చేసి, ఎనిమిది మంది చుట్టాలను రెండు కార్లలో సర్ది, మధ్యాహ్నం బయలుదేరినాడు. అన్నను లోపలికి పంపేసరికి రాత్రి పదకొండు. "రూము యాల? పొద్దున పొలం పనుంది, పోదాం పాండి" అన్నాడు. ముందు సీట్లో నేను, వెనక చిన్నమ్మ, అత్త నిద్రపోతున్నారు. బాగేపల్లి దాటినాం, కొడికొండ చెక్‌పోస్టు దాటినాం. పెనుకొండ ముందర కియా ఫ్యాక్టరీ లైట్లు వెనక్కి పోయినాయి. నేను ఫోన్ చూసుకుంటున్నా. ఉన్నట్టుండి చక్రాల కింద గర్ర్‌మని మోత. తలెత్తి చూస్తే కారు ఎడమ పక్కకు పోతాంది. "చిన్నాయనా!" అని అరిచినా. స్టీరింగ్ తిప్పినాడు. వెనక ఇద్దరూ లేవనే లేదు.

ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే, "ఏం లేదప్పా, కన్ను మూతపడినట్టయింది, అంతే" అన్నాడు. ఇరవై ఏళ్లు ట్రాక్టరు, జీపు, లారీ నడిపిన మనిషి. ఆయన చేతులు వణకడం నేను అదే మొదటిసారి చూసింది. దాబా దగ్గర ఆపి, సీట్లు వెనక్కి వాల్చి రెండున్నర గంటలు పడుకున్నాం. ఊరు చేరేసరికి ఎనిమిది దాటింది. అవ్వ గడప దగ్గర కూర్చొని ఉంది. "ఇంతసేపేందిరా" అంటే "టైరు పంచరయిందవ్వా" అని ఇద్దరం ఒకే అబద్ధం ఆడినాం. ఈ వ్యాసం చిన్నమ్మ చదివితే నాకూ చిన్నాయనకూ ఆ పొద్దు అన్నం ఉండదు. అయినా రాస్తున్నా.

ఆ రాత్రి నుంచి నాకు అర్థమైంది ఒకటే. డ్రైవింగ్ బాగా రావడం వేరే, నిద్ర ఆపుకోవడం వేరే. మొదటిది నేర్చుకుంటే వస్తుంది, రెండోది ఎవరికీ రాదు. ఇంకొకటి, ప్రమాదం ఎగిరిపోయేవాళ్లకే కాదు, సాగనంపడానికి పోయి తిరిగొచ్చేవాళ్లకూ అంతే. మన జిల్లాలో ఒక పిల్లోడు అమెరికా పోతుంటే రెండు కార్ల జనం ఎయిర్‌పోర్టుకు పోతారు. వాడు పైన విమానంలో నిద్రపోతుంటాడు, వీళ్లు కింద నిద్ర లేకుండా మూడు వందల కిలోమీటర్లు వస్తుంటారు.

నా మీద గ్రూపులో వచ్చిన వాదనలకు జవాబు చెప్పాలి.

మొదటిది ఖర్చు. ట్రిప్‌కు తలా నలభై ఐదు వేలు పెడుతున్నాం. బెంగళూరులో ఆ రాత్రికి మామూలు రూములు రెండు తీసుకుంటే మూడు వేలు. తలా ఐదొందలు. బీచిలో అరటిపండు ఆకారం పడవ మీద పది నిమిషాలు కూర్చోవడానికి అంతకన్నా ఎక్కువ పెడుతున్నాం. ఆ ఐదొందలు కూడా లేకపోతే ఎయిర్‌పోర్టు కుర్చీల్లోనే తెల్లారేదాకా కూర్చోవచ్చు, దానికి డబ్బులే అక్కర్లేదు.

రెండోది, "క్యాబ్ మాట్లాడుకుందాం, డ్రైవర్‌కు అలవాటే" అన్న మాట. ఇది కొంచెం నిజం, కొంచెం మోసం. ఆ డ్రైవర్ పగలంతా ఎన్ని ట్రిప్పులు తిప్పినాడో మనం అడగం. అడిగితే నామోషీ అనుకుంటాం. బండి ఎక్కే ముందు, "అన్నా, పగలు పడుకున్నావా?" అని అడగడంలో తప్పేం లేదు. ఆయన ప్రాణం కూడా అదే బండిలో ఉంది. ఇంకా మంచిది రైలు. బెంగళూరు నుంచి హిందూపురం, ధర్మవరం, అనంతపురం మీదుగా గుంతకల్లుకు రైళ్లున్నాయి. అందులో నిద్రపోతే ఏం కాదు, మహా అయితే మన స్టేషన్ దాటిపోతుంది.

మూడోది, "ఆరుగురం ఉన్నాం కదా, మార్చి మార్చి నడుపుతాం" అన్నది. ఆరుగురమూ అదే ఫ్లైట్ దిగినవాళ్లం, ఆరుగురమూ అదే ఇరవై గంటలు మేలుకొన్నవాళ్లం. అలసిపోయినవాడి దగ్గర్నుంచి అలసిపోయినవాడు స్టీరింగ్ తీసుకుంటే లెక్కలో ఏం మారింది?

నాలుగోది ఎవరూ బయటికి అనలేదు గానీ అందరి మనసులో ఉంది. 'మగపిల్లోళ్లం, ఇంత భయమా?' అని. భయమే. పెనుకొండ దగ్గర నేర్చుకున్నా. మీరు నేర్చుకోవడానికి అక్కడిదాకా పోనక్కర్లేదు.

వెనక సీటు బెల్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చొని ప్రమాదంలో చనిపోయారు. అంత ఖరీదైన కారు కూడా బెల్టు చేసే పని చేయలేకపోయింది. వేగం 80 నుంచి 100కు పెంచితే పెరిగింది పావు వంతే అనిపిస్తుంది, కానీ గుద్దుకునే శక్తి సగానికి పైగా పెరుగుతుంది. వేగం వర్గంతో పెరుగుతుంది కదా, ఇంటర్‌లో చదివిందే. పరీక్షలో రాసి అక్కడే మరిచిపోయినాం.

నేను అడుగుతున్నది పెద్ద కోరికలేమీ కాదు. ట్రిప్ ప్లాను వేసేటప్పుడు మొదటి కాలమ్‌లో 'ఇంటి నుంచి' అని, ఆఖరి కాలమ్‌లో 'ఇంటిదాకా' అని రాద్దాం. అర్ధరాత్రి దిగే ఫ్లైట్ వెయ్యి రూపాయలు తక్కువుందని తీసుకుంటే, ఆ వెయ్యి రూము కోసం పక్కన పెడదాం. కాలేజీ ఇండస్ట్రియల్ టూర్లు వేసే సార్లకు, మేడమ్‌లకు కూడా ఇదే మనవి. రాత్రంతా బస్సులో తెచ్చి పొద్దున తొమ్మిదికి క్లాసులో కూర్చోబెట్టే టైమ్‌టేబుల్ వద్దు. పిల్లలకు అటెండెన్స్ భయం ఉన్నంతకాలం వాళ్లు రాత్రిపూటే బయలుదేరతారు. మరుసటి రోజు సెలవు ఇవ్వండి. విదేశాలకు టూర్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎయిర్‌పోర్టులో 'థాంక్యూ' చెప్పి వదిలేయకుండా, ఇల్లు ఎంత దూరమో అడిగి ఆ రాత్రి బసను కూడా ప్యాకేజీలో చూపించొచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అది ఎక్కడి దాకా వర్తిస్తుందో ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఇక రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే చూస్తూ పోకండి. 108కి కొట్టండి, హైవే మీదైతే 1033 ఉంది. సాయం చేసినవాడిని కేసులో ఇరికించకూడదని చట్టంలోనే 134ఏ సెక్షన్ పెట్టారు. మా ఊర్లాంటి రోడ్డు పక్క ఊళ్లలో ముందు పరిగెత్తేది పొలానికి పోయే మనుషులే. వాళ్లకు ఈ సెక్షన్ సంగతి మనం చెప్పాలి.

మా గ్రూపులో చివరికి ఏమైందంటే, పోల్ పెట్టినారు. రూముకు మూడు ఓట్లు, కారుకు రెండు. కారు ఓనరు ఇంకా ఓటు వేయలేదు. నాతో మాట్లాడటం లేదు గానీ, మొన్న రాత్రి పదకొండుకు ఒక మెసేజి పెట్టినాడు. "ఆ నేచర్ పేపర్ లింకు పంపరా అవ్వా" అని. పంపినా.

మీరెవరైనా బెంగళూరులో దిగి మా వైపు వస్తుంటే, పగలు రండి. శనగ చేలు పచ్చగా ఉండే కాలమైతే దారి పొడవునా చూడ్డానికి బాగుంటుంది కూడా. తప్పనిసరై రాత్రి వస్తే, కన్ను కొంచెం బరువైనా విడపనకల్లులో ఆపండి. బస్‌స్టాండు దగ్గర ఎవర్ని అడిగినా మా ఇల్లు చూపిస్తారు. బయట రెండు నులక మంచాలుంటాయి. అవ్వ ఏమీ అడగదు, దుప్పటి ఇస్తుంది.